అట్టల వెనకవైపు

ప్రివ్యూ చూసి బయటికొచ్చేసరికి బొమ్మలాయనకు భయం పట్టుకుంది. సినిమా బాగాలేదని కాదు. బాగాలేదన్న సంగతి మొదటి పావుగంటలోనే తేలిపోయింది. అందులో ఒక్క సీను బాగుంది. భయమంతా దానివల్లే.

ఇరవై రెండేళ్ళు ఆయన నెలనెలా ఒక బొమ్మల పుస్తకం గీశాడు. దాని పేరు 'మేస్త్రి'. మేస్త్రి పగలు గోడలు కడతాడు. ఎక్కడైనా కప్పు కూలబోతుంటే భుజం ఆనించి ఆపుతాడు. ఎగరడు. ఎత్తుకు వెళ్ళాలంటే నిచ్చెన వేసుకుంటాడు. మాట్లాడేది తక్కువ. జనాన్ని కాపాడి ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే అడ్డం నిలబడి, ఆ సిమెంటు కాళ్ళతో లోపలికి రాకు అంటుంది. మేస్త్రి నోరెత్తకుండా కాళ్ళు కడుక్కోవడానికి పోతాడు. పిల్లలు ముందు ఆ పేజీ తిరగేసి, తర్వాత మిగతాది చదివేవాళ్ళు.

ఆ అత్తగారు ఆకాశంలోంచి ఊడిపడలేదు. బొమ్మలాయన అత్తగారే. ముక్కు, కళ్ళజోడు, నడుం మీద చెయ్యి, అన్నీ ఆమెవే. భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

సినిమావాళ్ళు మేస్త్రి చేతిలో తాపీ లాగేశారు. నిచ్చెన తీసేశారు. నల్ల రబ్బరు సూటు తొడిగి, భుజాల్లో దీపాలు పెట్టి, పెద్ద కట్టడాల కంపెనీకి యజమానిని చేసి, గాల్లోకి ఎగరేశారు. పదిమాటల మనిషి కాస్తా శత్రువు కనపడితే చాలు ఉపన్యాసం మొదలుపెడతాడు. అత్తగారు లేనేలేదు. భార్య ఉంది, ఇంటర్వెల్ ముందు చచ్చిపోవడానికి.

ఆ చచ్చిపోయే సీనే బాగుంది.

ఆసుపత్రి గది. గోడ మీద గడియారం. నర్సు దుప్పటి కప్పుతుంది. మంచం మీదున్న ఆమె ఎడమ కాలితో దుప్పటి తన్నేసి పాదం బయటపెట్టుకుంటుంది. "టైమెంతయింది సిస్టర్?" అంటుంది. నర్సు చెబుతుంది. ఆమె తలుపు వైపు చూస్తుంది. తలుపులో ఎవరూ లేరు. మళ్ళీ గడియారం. మళ్ళీ మంచం. ఈసారి మంచం ఖాళీ. పాటలేదు, ఏడుపులేదు. రెండు నిమిషాలు కూడా ఉండదు. ప్రివ్యూలో ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలలెత్తారు.

అది బొమ్మలాయన గీసిన సీను. ఎవరికీ చూపించని సీను.

బొమ్మ గీసే అట్ట వృథా చెయ్యడం ఆయనకు చేతకాదు. పాడైన పేజీని చించడు, వెనక్కి తిప్పి ఇంకోటి గీస్తాడు. భార్య పోయిన నెలలో అలాంటి నాలుగు అట్టలు వెనక్కి తిప్పి ఆ గది గీశాడు. నోటితో చెప్పుకోలేనిది చేత్తో గీశాడు. గీసి, బోర్లించి, కట్టలో పెట్టేశాడు. సినిమావాళ్ళు అసలు అట్టలన్నీ కావాలన్నప్పుడు మూడు పెట్టెలూ ఎత్తి ఇచ్చాడు. బొమ్మలు గీసేవాడు అట్టను ముందువైపు చూసే గుర్తుపడతాడు. వెనక ఏముందో వాడికి పట్టదు; ఆ నాలుగూ అందులో ఉన్న సంగతే ఆయనకు తట్టలేదు. స్కానింగు మెషిను దగ్గర కూర్చున్నవాడికి ముందూ వెనకా ఏముంది? రెండువైపులా తీసి పంపాడు.

భార్య పోయిన రోజు మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. ఇప్పుడే వస్తే మంచిదంది. అరగంటలో వస్తానన్నాడు బొమ్మలాయన. ఆ నెల పుస్తకంలో గీయాల్సినవి నాలుగు పేజీలు మిగిలాయి. ప్రెస్సులో మెషిను ఆపుకుని కూర్చున్నారు. ఆ అరగంట సాగి సాగి రెండు గంటలైంది. నాలుగింటికి పది నిమిషాలుందనగా భార్య పోయింది. ఆయన చేరేసరికి నాలుగున్నర. నర్సు ఆయన్ని తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్టినా బాగుండేది.

పొద్దుగూకే వేళకు బస్సు దిగి అత్తగారు వచ్చింది. శవం వైపు చూడకముందే అల్లుడిని అడిగింది.

"నువ్వు పక్కనున్నావా నాయనా?"

"ఉన్నాను అత్తయ్యా. చెయ్యి పట్టుకునే ఉన్నాను."

ఎనిమిదేళ్ళు ఆ ముక్క మీదే ఆవిడ నిలబడింది. నా కూతురు ఒంటరిగా పోలేదు, నా అల్లుడు చెయ్యి వదల్లేదు అని పాలవాడికి చెప్పింది, క్లినిక్కులో పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెప్పింది, తప్పు నంబరుకు ఫోన్ చేసినవాళ్ళకు కూడా ఒకసారి చెప్పింది. ఆవిడ మొదలుపెట్టినప్పుడల్లా బొమ్మలాయన మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి జారుకునేవాడు.

ఇవాళ మంగళవారం. శుక్రవారం సినిమా విడుదల.

ప్రివ్యూ హాలు బయట డైరెక్టరు కనిపించాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఇంటర్వెల్ ముందు ఆసుపత్రి సీను తీసెయ్యాలి," అన్నాడు బొమ్మలాయన.

డైరెక్టరు దండం పెట్టాడు. "మాస్టారూ, మీరు తిడతారని సిద్ధపడే వచ్చాను. సూటు గురించి తిట్టండి, లైట్ల గురించి తిట్టండి. ఆ ఒక్క సీనూ బాగుందని అందరూ అంటున్నారు. అది కూడా తీసేస్తే నాకేం మిగులుతుంది?"

"అది నాది. నేనివ్వలేదు."

"పెట్టెలో ఉందండీ. కాగితంలో పెట్టెలన్నీ అని రాశాం, మీరు సంతకం పెట్టారు. అయినా ఇప్పుడు నేను ఔనన్నా జరిగే పని కాదు. థియేటర్లకు వెళ్ళిపోయింది."

"మా అత్తగారినెందుకు తీసేశారు?"

"ముసలావిడ తిడుతుంటే హీరో చిన్నబోతున్నాడన్నారండీ."

"చిన్నబోవాలి. అందుకే పెట్టాను."

డైరెక్టరు తల వంచుకుని ఫోను తీశాడు. బొమ్మలాయన బస్సెక్కాడు. రెండు స్టాపులు దాటిపోయాక గాని దిగాల్సిన చోటు గుర్తురాలేదు.

ఇంట్లో అత్తగారు తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు అరిగాయి, నోరు అరగలేదు.

"నా వేషం ఎవరేశారు?"

"సరిగ్గా చూడలేదు అత్తయ్యా."

"సినిమాకెళ్ళి కళ్ళు మూసుకున్నావా?"

"చీకట్లో కనపడలేదు."

"చీకట్లో కనపడేదాన్నే సినిమా అంటారు నాయనా. సన్నగా ఉన్నావిడా, లావుపాటిదా? లావుదాన్ని పెట్టుంటే ఆ డైరెక్టరు నంబరివ్వు, నేను మాట్లాడతా."

"సినిమా బాగాలేదు. మీరు చూడొద్దు."

"నువ్వు గీసిందేదైనా బాగుందని నీ నోటితో ఎప్పుడన్నావు గనక?"

"మెట్లెక్కువున్నాయి. మీ మోకాళ్ళు ఒప్పుకోవు."

"నిచ్చెనేసుకుని ఎక్కుతా. పైఅంతస్తు టీచరమ్మ శుక్రవారం మ్యాట్నీకి మూడు టికెట్లు తీసేసింది. నీకూ కలిపి. ఇంక నస ఆపి కాఫీ పెట్టు."

పెట్టాడు. రెండుసార్లు చక్కెర వేశాడు. ఆవిడ ఒక గుక్క తాగి, కప్పు వైపు చూసి, అల్లుడి వైపు చూసి, ఏమీ అనకుండా మిగతాది తాగింది. ఆవిడ ఏమీ అనకపోవడంతో ఆయనకింకా భయం వేసింది.

గురువారం నాడు, ముందే తనే చెప్పేద్దామని తెగించాడు. ఇంకెవరో చెప్పకముందే, తెర మీద పడకముందే, తన నోటితో. ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళాడు. లోపల ఆవిడ చెల్లెలితో ఫోనులో ఉంది.

"అందరి అల్లుళ్ళూ ఒకటి కాదే. మీవాడు పెళ్ళాం కాన్పుకే రాలేదు. మావాడు చివరిదాకా చెయ్యి వదల్లేదు. ఆ ఒక్కటీ తలుచుకునే నేను అన్నం తింటున్నా."

బొమ్మలాయన వచ్చినంత మెల్లగా వెనక్కి వెళ్ళాడు. తన బల్ల ముందు కూర్చుని పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. సగం పెన్సిలు పొట్టయిపోయింది.

శుక్రవారం పొద్దున అత్తగారి కళ్ళజోడు కనపడలేదు. దిండు కింద వెతికింది, కిటికీలో వెతికింది. బొమ్మలాయన కూడా వంగి మంచం కింద వెతికాడు. చాలాసేపు శ్రద్ధగా వెతికాడు.

"పోనీలెండి. జోడు లేకుండా ఏం కనపడుతుంది, వచ్చేవారం వెళ్దాం," అన్నాడు.

"నీ చొక్కా జేబులో ఉంది, ఇలా ఇవ్వు."

చూసుకున్నాడు. అద్దాల అంచు జేబు బయటికే ఉంది. ఇచ్చాడు. ఆవిడ తుడుచుకుని పెట్టుకుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"నీకేమైంది? నాలుగు రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు. సినిమా ఆడకపోతే కొంపేం మునగదు. పద."

హాలు ముప్పాతిక నిండింది. ఒక పక్క టీచరమ్మ, ఒక పక్క బొమ్మలాయన, మధ్యలో అత్తగారు. టైటిల్సులో అల్లుడి పేరు పడినప్పుడు ఆవిడ టీచరమ్మ మోచేతిని పొడిచింది. ఆ తర్వాత ఆవిడ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"ఈ రబ్బరోడెవడు?"

"మేస్త్రి, అత్తయ్యా."

"ఒంటి మీద చిటికెడు సిమెంటు లేదు, వీడేం మేస్త్రి?" అంది. కాసేపాగి, "ఎందుకలా అరుస్తున్నాడు? ఎదుటివాడికి చెముడా?" అంది.

ముందు వరసలో ఎవరో నవ్వారు. రబ్బరు మేస్త్రి గాల్లోకి లేచినప్పుడు హాలంతా నవ్వింది. నవ్వించాలని తీసిన చోటు కాదది. ఇంకోరోజైతే ఆ నవ్వుకు బొమ్మలాయన ఒళ్ళు మండేది. ఇవాళ ఆయన చెవికెక్కలేదు. మనసులో నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

"నేనెప్పుడొస్తాను?"

"వస్తారు."

"ఇందాకా అదే అన్నావు."

వంతెన కూలే సీను మొదలైంది. మేస్త్రి వంతెన కింద భుజం పెట్టాడు. వంతెన మీద బడిపిల్లల బస్సు. దీని తర్వాత ఆసుపత్రే.

"అత్తయ్యా, బయటికెళ్దాం. నాకు తల తిరుగుతోంది."

"వెళ్ళి మొహం కడుక్కుని రా. నేనొస్తే నా సీటు పోతుంది."

వెళ్ళలేదు. తెర మీద గడియారం పడింది. నర్సు దుప్పటి కప్పింది. ఎడమ కాలు దుప్పటిని తన్నింది.

అత్తగారు సీటుకు ఆనుకుని ఉన్న వీపును మెల్లగా ముందుకు తెచ్చింది. బొమ్మలాయన తెర వైపు చూడలేదు. ఆవిడ కళ్ళజోడు వైపు చూశాడు. రెండు అద్దాల్లోనూ తెల్లటి మంచం చిన్నగా కనపడింది. "టైమెంతయింది సిస్టర్?" అన్న మాట వినపడింది. అద్దాల్లో మంచం ఖాళీ అయింది.

లైట్లు వెలిగాయి.

"ఈ సీను మాత్రం ఏడిపించిందండీ," అంది టీచరమ్మ కళ్ళొత్తుకుంటూ. "మిగతాదంతా దండగ."

అత్తగారు రెండో సగంలో తన వేషం ఎప్పుడొస్తుందని ఒక్కసారి కూడా అడగలేదు. రబ్బరోడి మీద ఒక్క మాట విసరలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ నోరు మూసుకున్న దారి అంత పొడుగని బొమ్మలాయనకు అప్పటిదాకా తెలీదు.

ఇంటికొచ్చాక చెప్పులు విడవకుండానే వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఎదుటి కుర్చీ చూపించింది. కూర్చున్నాడు.

"చిన్నప్పుడు దాని ఎడమ పాదం మీద దుప్పటి ఉంటే నిద్రపోయేది కాదు. చలికాలంలో నేను కప్పేదాన్ని, అది తన్నేసేది. కుడికాలికి ఆ గోల లేదు. ఆ సంగతి సినిమావాళ్ళకెవరు చెప్పారు?"

"నేను గీశాను."

"ఎప్పుడు?"

"ఆ నెలలోనే."

"తలుపులో నువ్వు లేవు. నీ బొమ్మ గీసుకోవడం మర్చిపోయావా?"

కల్పించానని చెప్పొచ్చు. కథకు అలా కావాలని చెప్పొచ్చు. ఎనిమిదేళ్ళు పనికొచ్చిన నోరు ఇంకొక్కసారి పనికిరాకపోదు. ఆవిడ కూడా దారి వదిలే అడిగినట్టుంది. బల్ల మీద రెండు చేతులూ పెట్టి, ఆయన ఏది చెబితే అది తీసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. ఆ చేతులు చూశాడు.

"మర్చిపోలేదు. నేను లేను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రబ్బరోడు వంతెన మోస్తున్నాడు. పిల్లల బస్సు మోస్తున్నాడు. అప్పుడు నువ్వేం మోస్తున్నావు?"

"నాలుగు పేజీలు మిగిలాయి అత్తయ్యా. ప్రెస్సువాళ్ళు ఆగారు."

"ఫోన్ రాలేదా?"

"వచ్చింది. రెండింటికి."

"రెండింటికి," అంది ఆవిడ. "ఎప్పుడెళ్ళావు?"

"నాలుగున్నరకు."

పైఅంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడయింది. ఇద్దరూ పైకి చూసి, మళ్ళీ బల్ల వైపు చూశారు.

"సినిమాలో టైమెంతని ఒక్కసారే అడిగింది," అంది అత్తగారు. "నిజంగానూ ఒకసారేనా?"

"నాలుగుసార్లు."

"నీకెలా తెలుసు?"

"నర్సు చెప్పింది. నేను నాలుగూ గీశాను. వాళ్ళు మూడు తీసేశారు."

"ఇంకేం చెప్పింది? అంతా చెప్పు. నువ్వు తగ్గించకు."

చెప్పాడు. నర్సు ఏ మాట ఎలా చెప్పిందో అలాగే చెప్పాడు. మూడోసారి అడిగాక దాహమందని, నాలుగోసారి గడియారం తనకు కనపడేలా మంచం కాస్త తిప్పమందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టలేదు. అంతా అయ్యాక లేచి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి బయటికొచ్చి, తన కంచం తనే పెట్టుకుని, అన్నం తినకుండా కంచం ముందు కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

శనివారం మాట లేదు. ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తే, ఆఁ ఊఁ అని పెట్టేసింది. పాలవాడు సినిమా ఎలా ఉందమ్మా అంటే, డబ్బాలో పాలు చూసుకుంటూ నిలబడింది. బొమ్మలాయన కాఫీ పెట్టి ఆవిడ ముందు పెడితే తాగేది. ఎవరో దారిన పోయేవాడు పెట్టినట్టు తాగేది. రాత్రి ఆవిడ గదిలో దీపం ఎంతసేపటికి ఆరుతుందా అని ఆయన మంచం మీద పడుకుని చూసేవాడు.

సోమవారం పొద్దున తనంతట తనే నోరు విప్పింది.

"ఆ సినిమా రేపటినుంచి తీసేస్తున్నారట. టీచరమ్మ చెప్పింది. ఇవాళ నన్ను తీసుకెళ్ళు."

"మళ్ళీనా? దేనికి అత్తయ్యా?"

"అది పోయేటప్పుడు నేను చూడలేదు. నువ్వూ చూడలేదు. ఇంకెక్కడ చూస్తాను?"

బొమ్మలాయన చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆవిడ చూసింది, చెప్పలేదు. దారిలో ఎవరో చూసి నవ్వితే సరిచేసుకున్నాడు.

మెట్ల దగ్గర చెయ్యి అందించబోయాడు. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. హాల్లో పదకొండుమంది ఉన్నారు. ఒకడు బూట్లు విప్పి ముందు సీటు మీద కాళ్ళు చాపుకుని గురక పెడుతున్నాడు. రబ్బరు మేస్త్రి ఎగిరినప్పుడు ఈసారి నవ్వడానికి కూడా ఎవరికీ ఓపిక లేదు. నలుగురు లేచి వెళ్ళిపోయారు. అత్తగారు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

వంతెన పగుళ్ళిచ్చింది. మేస్త్రి భుజం పెట్టాడు.

"ఇక నువ్వు వెళ్ళు," అంది అత్తగారు, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

"ఎక్కడికి?"

"బయటికి. అప్పుడూ లేవుగా."

"అత్తయ్యా..."

"వచ్చేస్తోంది. వెళ్ళు."

ఆయన లేచాడు. ఖాళీ సీట్లను మోకాళ్ళతో నెట్టుకుంటూ వరస దాటి, చీకట్లో గోడ తడుముకుంటూ బయటపడ్డాడు. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. దళసరి తలుపు. లోపలి చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది.

టికెట్లు చింపే ఆయన స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ఈ ఆటకి బయటికొచ్చినవాళ్ళలో మీరు ఐదో మనిషి సార్. బాలేదా?"

"బాలేదు."

"అందరూ అదే అంటున్నారు. ఇంటర్వెల్ ముందు ఒక ముక్క మాత్రం బాగుంటుంది. నేను రోజూ అన్ని ఆటలకీ తలుపు తీసుకుని చూస్తా." గోడ మీద టైము చూసుకుని లేచాడు. "ఇదిగో, ఇప్పుడే. రండి సార్, నిలబడి చూసి పోదురుగాని. టికెట్టుందిగా."

"నాకొద్దు."

ఆయన భుజాలెగరేసి, తలుపు ఒక మనిషి పట్టేంత తెరిచి లోపలికి దూరాడు. తలుపు మళ్ళీ మూసుకుంది. వరండాలో బొమ్మలాయన ఒక్కడే మిగిలాడు. గోడల మీద రబ్బరు మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని వరసగా ఐదు పోస్టర్లలో నిలబడి ఉన్నాడు.

ఇంటర్వెల్ గంట మోగింది. టికెట్లాయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. గురక పెట్టినవాడు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. మిగతావాళ్ళు వచ్చారు, టీ తాగారు, కొందరు అటునుంచి అటే ఇంటికి పోయారు. అత్తగారు రాలేదు.

పిలిస్తే వెళ్దామని బొమ్మలాయన తలుపు పక్కన నిలబడ్డాడు. రెండో సగం మొదలైంది. ఆవిడ పిలవలేదు.